పంచదార లేని తీపి

దానమ్మ కుడిచేతి బొటనవేలికి గీతలుండేవి కావు. డ్వాక్రా సంఘం కాగితాల మీద ఆ వేలు ఆనిస్తే ఉత్త సిరా మరక పడేది. బ్యాంకు ఆయన విసుక్కుని, వేరే వేలు వెయ్యమ్మా అనేవాడట. అది పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండేళ్ళు కొవ్వొత్తి మంట దగ్గర పనిచేస్తే వచ్చింది.

మా మావయ్య సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి, అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్ళే రోడ్డు పక్కన, కొబ్బరితోట వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో కొబ్బరి లౌజు ఉండలు చేయించి అమ్మేవారు. కోరిన కొబ్బరి, బెల్లప్పాకం, యాలకుల పొడి, అంతే. కొలత మా అమ్మమ్మది. అప్పనపల్లి గుడికి వచ్చే యాత్రికులు దర్శనం అయ్యాక కొనుక్కుని వెళ్ళేవారు. తొంభైలో మొదలుపెట్టినప్పుడు షెడ్డులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు పనిచేసేవారు. దానమ్మ ఆ తొమ్మిదిమందిలో మొదటిది.

ఆమె పని ప్యాకింగు. పది ఉండలు ప్లాస్టిక్ కవరులో వేసి, కవరు మూతిని రంపపు బ్లేడు మీదుగా మడిచి, ఆ అంచును కొవ్వొత్తి మంట మీద ఒక్కసారి ఇటు నుంచి అటు లాగి, కరిగిన చోట బొటనవేలితో నొక్కేది. మంట ఎక్కువైతే కవరు చిల్లు పడుతుంది, తక్కువైతే అతకదు. ఆ తరవాత మైదా జిగురు రాసి లేబులు అంటించేది. ఆమెకి చదువు రాదు. లేబులు మీద కొబ్బరిచెట్టు బొమ్మ ఉండేది కాబట్టి ఏది పైకో ఏది కిందకో తెలిసేది. సీలు వేసేముందు ప్రతి కవరూ ముక్కు దగ్గర పెట్టుకునేది. కొబ్బరి కాస్త పాతవాసన కొట్టినా ఆ కవరు పక్కన పెట్టేసేది. దానికి లేబులు అంటించేది కాదు. మావయ్య ఎందుకని అడిగేవారు కూడా కాదు.

మా ఇల్లు ఆ షెడ్డుకి దగ్గర్లోనే. సెలవుల్లో నేను పుస్తకం పట్టుకుని షెడ్డు అరుగు మీద కూర్చునేదాన్ని. ఇంట్లో వచ్చిపోయే చుట్టాలతో మాట్లాడటం కంటే అక్కడే నాకు నయంగా ఉండేది. దానమ్మ నాతో పెద్దగా మాట్లాడేది కాదు. పొగ నావైపు వస్తుంటే మాత్రం, "ఇటు జరగండి పాపగారూ, కళ్ళు మండుతాయి" అనేది. ఓసారి, అంతలావు పుస్తకంలో ఏం ఉంటుందని అడిగింది. కథలని చెప్పాను. నిజమైనవేనా అంది. కొన్ని నిజం, కొన్ని కాదన్నాను. "అచ్చేసేక మరి అన్నీ నిజమే అవ్వాలి కదండీ" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె భర్త అబ్బులు కొబ్బరి దింపు తీసేవాడు. కాళ్ళకు తాడు బంధం వేసుకుని చెట్టెక్కి గెలలు కోసే పని. మంచి వయసులో రోజుకి యాభై చెట్లు ఎక్కేవాడని చెప్పుకునేవారు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూ ఉండేవాడు. చెట్టు చివరికి వెళ్తే తాటిపాక వైపు గ్యాసు బావుల మంట కనబడుతుందనీ, తన బీడీ అక్కడే అంటించుకొస్తాననీ పిల్లల్ని నమ్మించేవాడు. ఆదివారం ప్రార్థనకి మాత్రం తెల్లచొక్కా వేసుకుని, దానమ్మ వెనకాల బుద్ధిగా నడిచేవాడు.

తొంభైతొమ్మిదిలో వాళ్ళ చర్చి ఆవరణలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. కళ్ళు చూపించుకుందామని వెళ్ళిన అబ్బులుకి షుగరు జబ్బు ఉందని తేలింది. అప్పటికి అతనికి నలభైఎనిమిదేళ్ళు. తీపి మానెయ్యాలనీ, అన్నం తగ్గించాలనీ, రోజూ మాత్ర వేసుకోవాలనీ, కాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలనీ చెప్పారు. అబ్బులు ఇంటికి వచ్చేలోపే అందులో సగం మర్చిపోయాడు. దానమ్మ ఒక్క ముక్కా మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లోకి పంచదార రాలేదు. బెల్లం రాలేదు. టీ చప్పగా కాచేది. పొద్దున్నే చోళ్ళ అంబలి, అదే రాగిజావ, రాత్రికి చేటడు ఆకుకూర, గుప్పెడు అన్నం. మాత్ర తన ఎదురుగా మింగిస్తేగాని పనికి పోనిచ్చేది కాదు. షెడ్డులో చెదిరిపోయిన ఉండల్ని సాయంత్రం పనివాళ్ళు పంచుకుని పట్టుకెళ్ళడం మామూలు. దానమ్మ తన వాటా అక్కడికక్కడే పక్కనున్న ముత్యాలుకి ఇచ్చేసేది. చేతులకి పాకం అంటి ఉందని, ఇంటికి వెళ్ళేముందు రెండుసార్లు సబ్బుతో కడుక్కునేది. ముత్యాలుకి అది నవ్వులాట. నీ చెయ్యి నాకేస్తాడనా భయం అని ఏడిపించేది.

అబ్బులు నలుగురిలోనూ అనేవాడు: "మా ఇంట్లో కోడికి కూడా నాకంటే మంచి మేతండి. దానికి నూకలైనా పడతాయి."

నవ్వులాటే అయినా మూడేళ్ళు అలాగే గడిచాయి. అమలాపురంలో రక్తపరీక్షకి వెళ్ళినప్పుడల్లా బాగా అదుపులో ఉందని చెప్పేవారు. ఆ చీటీలన్నీ దానమ్మ బైబిలు కవరులో దాచింది. అతని కాళ్ళు చెట్టు మీద నిలబడాలి, అతను తనకంటే ముందు పోకూడదు, ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే. పిల్లలు లేరు వాళ్ళకి.

రెండువేల రెండులో మావయ్య ప్యాకింగు మిషను తెచ్చారు. హైదరాబాదు దుకాణాలవాళ్ళు కొవ్వొత్తి సీలు చూసి తీసుకోవడం లేదు. శాకాహారమని తెలిసేలా ప్యాకెట్టు మీద పచ్చచుక్క ఉండాలని కొత్త రూలు. తయారుచేసిన తేదీ, చెరపడానికి వీల్లేని అక్షరాలతో పడాలి. మిషనుకి ఒక పక్క ఉండలు పేరిస్తే, పైనున్న రీలు నుంచి రంగురంగుల రేపరు దిగి, ఒక్కొక్క ఉండనూ చుట్టి, రెండు చివర్లా అతికించి, కత్తిరించి, తేదీ కొట్టి అవతల పడేసేది. నిమిషానికి యాభై. తొమ్మిదిమంది పనివాళ్ళలో నలుగురు మిగిలారు. దానమ్మని మావయ్య ఉంచుకున్నారు. రీలు అయిపోతే కొత్తది ఎక్కించడం, చివరలు అతికించడం ఆమె పని. కొవ్వొత్తి మానేశాక బొటనవేలికి మళ్ళీ గీతలు వస్తాయేమోనని ముత్యాలు వేళాకోళం చేసింది. రాలేదు.

రేపరు అచ్చు వేయించడానికి ముందు మావయ్య నన్ను పిలిచారు. నేనప్పుడు విశాఖపట్నంలో ఎమ్మే తెలుగు మొదటి సంవత్సరం పూర్తిచేసి ఇంటికి వచ్చాను. మన ఉండల్లో పంచదార వెయ్యం కదా, ఆ సంగతి జనానికి తెలిసేలా మంచి తెలుగులో ఒక్క వాక్యం రాసిపెట్టమన్నారు. బెల్లం ఒంటికి మంచిదని ఆయన నిజంగానే నమ్మేవారు. మా అమ్మమ్మ రోజూ భోజనం కాగానే బెల్లంముక్క నోట్లో వేసుకుని ఎనభైతొమ్మిదేళ్ళు బతికింది. ఎవరినైనా మోసం చేద్దామన్న ఆలోచన ఆయనకి లేదు. నాకూ లేదు. షుగరు జబ్బు గురించి నాకు తెలిసిందల్లా, ఉన్నవాళ్ళు టీలో పంచదార వద్దంటారని.

రెండు రోజులు కూర్చుని పదకొండు వాక్యాలు రాశాను. వాటిలో అన్నింటికంటే పొట్టిదీ, నోటికి తేలిగ్గా వచ్చేదీ మావయ్యకి నచ్చింది. "పంచదార లేని తీపి - అందరికీ మేలు."

రీళ్ళు జూలై మొదటివారంలో వచ్చాయి. ఎర్రటి అక్షరాలు, పక్కన పచ్చచుక్క. నా వాక్యం అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. మావయ్య షెడ్డులో అందరినీ పిలిచి చూపించారు. ఆయన వెళ్ళిపోయాక దానమ్మ రీలు చివర పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఎర్రగా ఉన్నది ఏంటో చదవమంది. చదివాను.

ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాను.

"అందరికీ అంటే," అంది రీలు చివర వదలకుండా, "మా ఆయనక్కూడానా అండి?"

నేను ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. అక్షరాల వైపు చూస్తున్నాను. "అందరికీ అనే కదా రాసుంది" అన్నాను.

"ఆయ్" అంది దానమ్మ. రీలు చివర జాగ్రత్తగా చుట్టి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె తన వాటా ముత్యాలుకి ఇవ్వలేదు. ఇది నాకు చాలా తరవాత ముత్యాలే చెప్పింది. మిషను వచ్చాక చెదురు ఎక్కువైంది. చేతితో చుట్టిన ఉండలు అన్నీ ఒక్క కొలతలో ఉండవు. కాస్త లావైనది ఇరుక్కుని నలిగేది. రీలు మార్చినప్పుడు అక్షరాలు సగానికి తెగిన ప్యాకెట్లు ఓ పాతిక ముప్ఫై వచ్చేవి. వాటిని అమ్మడానికి లేదు. అవన్నీ పనివాళ్ళకే. దానమ్మ వాటిలోంచి ఎర్ర అక్షరాలు పూర్తిగా ఉన్నవే ఏరి తీసుకునేదట. అక్షరాలు తెగినవి ముట్టుకునేది కాదు.

మూడేళ్ళ తరవాత నోట్లో తీపి పడిన రోజు అబ్బులు ఏం చేశాడో కూడా ముత్యాలే చెప్పింది. వాళ్ళవి పక్కపక్క ఇళ్ళు. ఉండ చేతిలో పట్టుకుని, ఇది నన్ను పరీక్షించడానికా అని దానమ్మని అడిగాడట. కాదు, తినమంది. సగం తిని, మిగతా సగం ఆమె నోట్లో పెట్టబోయాడట. వీధిలో అందరూ చూస్తున్నారని దానమ్మ చెయ్యి తోసేసిందట. రోజుకి రెండుతో మొదలై దసరాలకి నాలుగైదు అయ్యాయి. చోళ్ళ అంబలి మాత్రం మానిపించలేదు. మాత్ర మానిపించలేదు. చప్పటి టీయే ఇచ్చింది. పరీక్షకి వెళ్ళడం మాత్రం కాస్త వెనకబడింది. మనిషి హుషారుగా ఉన్నాడు కదా అనుకున్నారు.

క్రిస్మస్ ముందు దింపులో తాడు బంధం ఒరుసుకుని కుడిపాదం పక్కన చిన్న పుండు పడింది. అబ్బులుకి నొప్పి తెలియలేదు. నొప్పి లేని దెబ్బ దెబ్బే కాదని పసుపు పెట్టుకుని మళ్ళీ చెట్టెక్కాడు. పండగకి తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకి వెళ్తుంటే వెనకాల నడుస్తున్న ముత్యాలుకి వాసన వచ్చింది. దానమ్మకి ముందే వచ్చి ఉండాలి. ఆమె ముక్కు సంగతి మాకందరికీ తెలుసు. కానీ ఆ నెలంతా జలుబుతో తన ముక్కే సరిగా పనిచెయ్యడం లేదనుకుందట.

అమలాపురంలో చూసి కాకినాడ తీసుకెళ్ళమన్నారు. మావయ్య కారు ఇచ్చారు, తనూ వెళ్ళారు. ఫిబ్రవరిలో అబ్బులు కుడికాలు మోకాలి కింద వరకు తీసేశారు.

ఆపరేషనుకి ముందు అక్కడి డాక్టరు, ఇంట్లో ఏం పెడుతున్నావమ్మా అని దానమ్మని అడిగారు. కుర్రాడట, మెల్లగా మాట్లాడాడట. ఆమె అన్నీ చెప్పింది. చోళ్ళు, ఆకుకూర, చప్పటి టీ. తను ఎంత జాగ్రత్తగా ఉందో ఆయనకి తెలియాలని, సంచిలోంచి ఉండ ఒకటి తీసి చూపించింది. ఆస్పత్రిలో తింటాడని పట్టుకొచ్చింది. ఆయన ఎర్ర అక్షరాలు చదివాడు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు కూడా చదివాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. బల్ల మీద పెట్టి, బెల్లమైనా పంచదారైనా ఈ జబ్బుకి ఒకటేనమ్మా అన్నాడు. దీనివల్లే ఇదంతా అయిందని చెప్పలేను, పుండు కూడా చూసుకోవాల్సింది అని కూడా అన్నాడట. ఆ రెండో మాట దానమ్మకి వినబడినట్టు లేదు.

అప్పట్లో ఈ సంగతులేవీ నాకు తెలియవు. ఉత్తరాల్లో మా అమ్మ, దింపు అబ్బులుకి కాలు తీసేశారు పాపం అని మాత్రం రాసింది. ఆ ఉండ రేపరు ఒకటి నేను నోటుపుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను. హాస్టల్లో ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా.

పరీక్షలు అయిపోయి మేలో ఇంటికి వచ్చిన రెండో రోజు షెడ్డుకి వెళ్ళాను. మిషను చప్పుడులో దానమ్మ నన్ను చూసి, చెయ్యి తుడుచుకుని వచ్చింది. చాలా తగ్గిపోయింది మనిషి. బాగున్నారా అని అడిగింది. తరవాత జేబురుమాలంత రేపరుముక్క నా చేతిలో పెట్టింది.

"మేలు అన్న మాట ఎక్కడుందో చూపెట్టండి పాపగారూ."

చూపించాను. వేలు పెట్టి ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో అడిగింది. ముందున్న మాటలు ఏవో అడిగింది. అవి కూడా చూపించాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పింది, కాకినాడలో జరిగింది మొత్తం, నిలబడే, మిషను వైపు చూస్తూ. ఇంకా రెండున్నర రీళ్ళు ఉన్నాయంది. రీళ్ళు తీసేసి వేరేవి వేయించమని మావయ్యని అడిగింది. అచ్చు దిమ్మలు హైదరాబాదులో చెక్కిస్తారనీ, ఉన్నవి పారేస్తే షెడ్డు మూసుకోవాల్సిందేననీ, తరవాతి రీళ్ళలో తప్పకుండా మార్పిస్తాననీ ఆయన చెప్పారు. మాట తప్పే మనిషి కాదని ఆమెకీ తెలుసు. "కానీ ఈ రెండున్నర రీళ్ళూ ఎవరో ఒకళ్ళు తింటారు కదండీ" అంది.

వెనకటి రోజులైతే ఆ లేబులు అంటించకుండా ఊరుకునేది. ఇప్పుడు అంటించేది ఆమె కాదు.

అందుకని ఆమె అట్టపెట్టెల మీద నంబర్లు వేసే నల్లమార్కరు తీసుకుంది. ప్యాకెట్లు మిషనులోంచి పడే చోట పీట వేసుకుని కూర్చుంది. రీలు పని లేనప్పుడల్లా, అందిన ప్యాకెట్టు అందినట్టు తీసి, ఆ ఎర్ర వాక్యం మీద నల్లగీత గీసి పెట్టెలో వేసేది. అక్షరం ముక్క రాని మనిషి ఆ ఒక్క వాక్యాన్నీ ప్యాకెట్టు ఏ వైపు తిరిగి ఉన్నా గుర్తుపట్టేది. నిమిషానికి యాభై పడేవి. ఆమె చేతికి పదో పన్నెండో అందేవి. మిగిలినవి అలాగే పెట్టెలోకి పోయేవి. వాటి వైపు చూసి మళ్ళీ తలవంచుకునేది.

నేను కూడా ఒక పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. మూడురోజులు ఇద్దరం గీతలు గీశాం. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నేనిక ఆగలేకపోయాను.

"అది రాసింది నేను, దానమ్మా" అన్నాను.

ఆమె మార్కరుకి మూత పెట్టింది.

"తెలుసండి. రీళ్ళు వచ్చిన రోజే అయ్యగారు చెప్పేరు కదా, మా ప్రసన్న రాసిందే అని. అందుకేనండి, చదవడం వచ్చినోళ్ళు ఇంతమంది ఉండగా మిమ్మల్ని అడిగింది."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె గీసిన ప్యాకెట్లు పెట్టెలో సర్దసాగింది. సర్దుతూనే అంది: "అందులో బెల్లమని నాకు తెలియదా అండి. పాకం వాసన నా చీర నిండా ఉంటది. ఆయనకి పెట్టకూడదనీ తెలుసు. మూడేళ్ళు పెట్టలేదు కదా. కాగితం మీద అలా పడేక, నాకు తెలిసిందే తప్పేమో అనుకున్నానండి."

కరెంటు వచ్చింది. ఆమె మార్కరు మూత తీసింది.

వారం తిరక్కుండా అప్పనపల్లి దుకాణదారు ఒక పెట్టె వెనక్కి పంపించాడు. కొన్ని ప్యాకెట్ల మీద గీతలున్నాయి, కొన్నిటి మీద లేవు, పాడైనవేమోనని యాత్రికులు తీసుకోవడం లేదని చెప్పి పంపాడు. మావయ్య ఆ పెట్టెలో గీతలున్నవీ లేనివీ వేరుచేసి చూశారు. దానమ్మని కోప్పడలేదు. రేపటి నుంచి కొబ్బరి కోరు దగ్గర కూర్చోమన్నారు. రీలు ఎక్కించడం ముత్యాలుకి నేర్పించారు. "నీ బాధ నాకు తెలుసు దానమ్మా. కానీ వాడు పుండు చూసుకోకుండా చెట్టెక్కేడు కదా. అంతా బెల్లం మీదే వేస్తే ఎలాగ?" అన్నారు. ఆమె ఆయ్ అంది. నా వైపు తిరిగి ఆయన ఏమీ అనలేదు. అందులో తన తప్పు ఎంతో నా తప్పు ఎంతో ఆయనకీ తెలియలేదనుకుంటాను. ఆ రోజు నుంచి భోజనం కాగానే బెల్లంముక్క నోట్లో వేసుకోవడం మాత్రం మానేశారని మా అత్తయ్య చెప్పింది.

జూన్‌లో ఒకసారి అబ్బులుని చూడటానికి వెళ్ళాను. లోపలికి ఎలా వెళ్ళాలో, వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక వాకిట్లోనే నిలబడ్డాను. అతనే చూసి పిలిచాడు. నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెండో పాదానికి కూడా కట్టు ఉంది. మొహం ఉబ్బింది. ఎదురుగా తోటలో కొబ్బరిచెట్లు, వాటి మీద ఎవరో కొత్త మనిషి దింపు తీస్తున్నాడు. వాడికి గెల కొయ్యడం రావట్లేదని, పిందెలు కూడా రాలగొడుతున్నాడని అబ్బులు నాకు చాలాసేపు చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. లేచి వచ్చేస్తుంటే అన్నాడు.

"మీరు రాసిందేనంట కదండి ఆ ముక్క. మా ఆవిడ చెప్పింది. మీరేం మనసులో పెట్టుకోకండి. ఆర్నెల్లు బాగా తిన్నానండి."

వేళాకోళమో, ఓదార్పో, నిజమో. అతని మొహంలో నాకేమీ తెలియలేదు. దానమ్మ పొయ్యి దగ్గర చోళ్ళపిండి కలుపుతోంది. వెనక్కి తిరగలేదు.

రెండున్నర రీళ్ళూ ఆగస్టు ఆఖరుకి అయిపోయాయి. కొత్త రీళ్ళలో ఎర్ర వాక్యం లేదు. ఆ స్థానంలో ఏమేం కలిపారో, ఎంతెంత ఉందో తెలుగులోనే పెద్ద అక్షరాలతో వేయించారు మావయ్య. కింద, షుగరు జబ్బు ఉన్నవారు తినకూడదు అని ఒక వాక్యం. ఈసారి నన్ను రాయమని అడగలేదు. తనే రాసుకున్నారు. ఆ వాక్యంలో అందమేమీ లేదు.

సెప్టెంబరు పన్నెండున అబ్బులు చనిపోయాడు. మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయన్నారు. అతన్ని సమాధుల తోటకి తీసుకెళ్తుంటే దారిలో ఉన్న కొబ్బరిచెట్లన్నీ అతను ఎక్కినవేనని వెనకాల ఎవరో అనుకుంటున్నారు.

పదిహేను రోజులకి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్ళకి టీ, బిస్కెట్లు ఇస్తున్నారు. నేను చివరి వరసలో, బయట పందిరి కింద కూర్చున్నాను. దానమ్మ తెల్లచీరలో అందరినీ పలకరించుకుంటూ నా దాకా వచ్చింది. చేతిలో విప్పని బిస్కెట్ ప్యాకెట్టు ఉంది. వాళ్ళ ఆడపడుచు రాజోలు నుంచి వచ్చిందని, ఆమెకీ ఈమధ్య అదే జబ్బు బయటపడిందని చెప్పింది. ప్యాకెట్టు నా చేతిలో పెట్టింది.

"ఇందులో ఏం రాసుందో చదవండి పాపగారూ."

ముందువైపు పెద్ద అక్షరాలున్నాయి. వాటిని వదిలేసి వెనక్కి తిప్పాను. చీమల్లాంటి అక్షరాలు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, ఇంగ్లీషులో ఉన్నవాటికి తెలుగు చెప్పుకుంటూ, ఒక్కొక్కటీ చదివాను. మైదా. పంచదార. నూనె. పంచదార పాకం. పాలపొడి. ఉప్పు. తెలియని పేరు ఒకటి వచ్చింది. ఇది ఏంటో నాకు తెలియదు దానమ్మా అన్నాను. తల ఊపింది. తయారుచేసిన తేదీ చదివాను. ఎన్నాళ్ళలోపు తినాలో చదివాను. ఎక్కడ తయారైందో, పిన్‌కోడుతో సహా చదివాను. ఏదీ వదల్లేదు.

ఆమె చివరిదాకా నిలబడి వింది. ప్యాకెట్టు తీసుకుంది. ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పందిరి కింద ఆడుకుంటున్న పిల్లల్లో ఒకర్ని పిలిచి అది ఇచ్చేసి, ఆడపడుచుకి చప్పటి టీ పట్టుకెళ్ళడానికి లోపలికి వెళ్ళింది.